గళ్ళ కింద మరియమ్మ

మా చర్చికని ఆన్‌లైన్‌లో తెప్పించిన బొమ్మ విప్పగానే నాకు ఒళ్ళు మండింది. ఐదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఒక మహా చిత్రకారుడు, బలిపీఠం మీది పటం కోసం ముందుగా గీసుకున్న బొమ్మకు ప్రింటు అది. మరియమ్మ మీదా, ఒళ్ళోని బాలయేసు మీదా లెక్కల పుస్తకంలోలా గళ్ళు. ప్రింటు పాడైందనుకుని, ఏలూరులో ఫ్రేములు కట్టే అబ్దుల్ మజీద్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఈ గళ్ళు కనబడకుండా చెయ్యగలరాండీ?"

ఆయన ఒకప్పుడు తివాచీలు నేసిన మనిషి. బొమ్మ మీదికి వంగి గళ్ళ వెంట వేలు నడిపారు.

"ఇవి ఆ బొమ్మ వేసినాయన గీసుకున్నవేనండి, టీచరుగారూ. చిన్న బొమ్మని పెద్ద పటంగా చెయ్యాలంటే ఒక్కో గడీ చూసుకుంటూ ఎక్కించాలి. మా తివాచీ నమూనా కూడా ఇంతేనండి. గడికో ముడి. తప్పు పడితే విప్పి మళ్ళీ వెయ్యడమే."

ఆయన వేలు బిడ్డ పాదం దగ్గర ఆగింది. ఆ ఒక్క గడిలో పాదాన్ని మూడుసార్లు మార్చి గీసిన గీతలున్నాయి.

"ఈయన కూడా విప్పి మళ్ళీ వేశారండి," అన్నారు మెల్లగా.

అంతటివాడికీ దేవుడి పాదం మొదటిసారే కుదరలేదు.

"ఫ్రేము అంచు కింద ఒక్క గడి కూడా పోకూడదండీ," అన్నాను.