ఈస్టరు దాటిన ఉపవాసం

ఈస్టరు నాడు గుడిలో అందరూ నలభై రోజుల ఉపవాసం విడిచారు. నిస్సీ మాత్రం విడవలేదు. ఇంకో నలభై రోజులు ఉంటానంది. పాస్టరు దావీదురాజు ఆ సంగతి ప్రసంగంలోనే చెప్పి, "ఇంత భక్తి ఉన్న బిడ్డ మన సంఘంలో ఉండటం మన ధన్యత" అన్నాడు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న తల్లి జీవమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది. ఆ గర్వం గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆమెకు ఒళ్లు మండిపోయేది.

జీవమ్మ కోయిలకుంట్ల దగ్గర పల్లెలో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. రోజూ నూట నలభై మందికి వండాలి. భర్త దాసన్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాళ్లకు నిస్సీ ఒక్కతే బిడ్డ. డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది, గుడిలో పాటలు పాడుతుంది.

అసలు మొదలైంది క్రిస్మస్ అప్పుడు. పాటల బృందం ఆడపిల్లలంతా ఒకే రంగు చీరలు కట్టుకుని దిగిన ఫోటో ఫోన్లలో తిరిగింది. నంద్యాల సంబంధం వాళ్లు అది చూసి, పిల్ల బాగుంది గానీ కాస్త బొద్దుగా ఉందని కబురు పంపారు. ఆ మాటను జీవమ్మే తెచ్చి కూతురికి చెప్పింది.

"రొండు నెల్లు సంగటి తగ్గించు పాపా. పెండ్లయినాంక నీ ఇష్టమొచ్చినంత తిను" అంది నవ్వుతూ.

నిస్సీ కూడా నవ్వింది. ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని, ఇడ్లీకి ఇన్ని కేలరీలు, గుడ్డుకి ఇన్ని అని లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. సంగటి మానేసింది. తర్వాత అన్నం మానేసింది. ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు వచ్చాక, ఎందుకు తినవని అడిగేవాళ్లే లేకుండా పోయారు.

మే నెలలో నంద్యాల వాళ్లు మళ్లీ చూసి ఒప్పుకున్నారు. జీవమ్మ సంబరంగా రవికెలు కుట్టించడానికి కూతురిని సుబ్బరత్నమ్మ దగ్గరికి తీసుకుపోయింది. సుబ్బరత్నమ్మ టేపు చుట్టి చూసింది. విప్పి మళ్లీ చుట్టింది. నిస్సీ బయటికి పోయాక గొంతు తగ్గించి అడిగింది.

"జీవమ్మక్కా, ఇది తొమ్మిదో తరగతి పిల్ల కొలత. ఈ పిల్లకు ఒంట్లో ఏమైనా బాగల్యాదా?"

ఆ రోజు నుంచి జీవమ్మకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. అప్పటిదాకా చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ ఒక్కసారిగా కళ్లకు కనపడసాగాయి. రాళ్లు పగిలే ఎండలో నిస్సీ దుప్పటి కప్పుకుని కూర్చుంటోంది. దువ్వెనకు గుప్పెడు గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయి. నెలసరి ఆగి నాలుగు నెలలైంది. పొద్దున లేస్తే మిద్దె మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడక. ఆగమంటే ఆగదు.

ఊళ్లో డాక్టరు రక్తం తక్కువని చెప్పి గ్లూకోజు ఎక్కించి, టానిక్కు రాసిచ్చాడు. టానిక్కు సీసా మూత కూడా తెరవలేదు. సాయంత్రానికి ఉపవాసం విడిచి తింటున్నానని నిస్సీ చెప్పే సంగటి, పక్కింటి ఓబన్న బర్రె కుడితి తొట్టిలో తేలుతూ కనపడింది.

"ఎందుకట్లా చేస్తాండావు పాపా?"

"దేవునికి మాటిచ్చినా మా. మాట తప్పమంటావా?"

జీవమ్మ టానిక్కు సీసా ఎత్తి గూట్లో పెట్టేసింది.

రెండో నలభై రోజులూ దాటినా నిస్సీ ఉపవాసం విడవలేదు. జూన్‌లో బళ్లు తెరిచారు. గుండిగలో పప్పు తిప్పుతున్నంత సేపూ జీవమ్మ మనసంతా ఇంటి మీదే. వరుసలో కూర్చున్న ఆడపిల్లలు "ఇంగొంచెం ఎయ్ ఆయమ్మా" అని పళ్లేలు చాస్తుంటే ఒక గరిటెకు రెండు గరిటెలు వేసేది. ఆ వారమే పాస్టరు కబురు పంపాడు. ఆదివారం నిస్సీ తన ఉపవాసం గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పాలట.

ఆదివారం నిస్సీ మైకు అందుకుంది. తెల్లచీరలో మోచేతి ఎముకలు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఆమె నోరు తెరవకముందే జీవమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క మాట. నా బిడ్డ ఉపవాసం దేవుని కోసం కాదు. లావుగా ఉండావు, తిండి తగ్గించమని చెప్పింది నేనే. తగ్గిస్తా తగ్గిస్తా అది ఇప్పుడు తినేదే మర్సిపోయింది. మీరు పొగుడుతాంటే నేను మురిసిపోయినా. ఇంగ పొగడొద్దండి అయ్యగారూ. నా బిడ్డ సచ్చిపోతాది."

నిస్సీ మైకు కింద పెట్టి బయటికి నడిచింది.

ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చున్న కూతురు ఒక్కటే మాట అంది: "పదిమందిలో నన్ను అబద్ధాలదాన్ని చేసినావు." దాసన్న ఎవరిని సముదాయించాలో తెలియక వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగాడు.

సాయంత్రం దావీదురాజు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిస్సీకి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"తప్పు నాది గూడా ఉండాది తల్లీ. తినకుంటేనే దేవునికి ఇష్టమని నేనెప్పుడూ చెప్పలేదనుకున్యా. ఆదివారం ఆదివారం నిన్ను పొగిడి, ఆ మాట చెప్పినంత పని చేసినా. ఇప్పటికైనా విడువు."

నిస్సీ మెల్లగా అంది.

"నా చేతిలో ల్యాదు అయ్యగారూ. నేను పట్టుకోనుంటే గదా విడిచేది. అదే నన్ను పట్టుకున్యాది. ఒక్క ముద్ద తింటే దినమంతా లోపల ఎవరో తిడతానే ఉంటారు. భయమైతాండాది."

జీవమ్మ కూతురి పక్కన కూలబడింది. ఇన్ని నెలల్లో నిస్సీ భయమన్న మాట ఎత్తడం అదే మొదలు.

మర్నాడు పాస్టరే తెలిసినవాళ్ల కారు మాట్లాడి కర్నూలుకు తీసుకుపోయాడు. ఆసుపత్రిలో ఆరాధన అనే డాక్టరమ్మ చూసింది. బరువు ముప్పై ఆరు కిలోలు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది. వెంటనే చేర్చుకున్నారు.

"ఇది మొండితనం కాదు, భక్తీ కాదు. జబ్బు" అని చెప్పింది డాక్టరమ్మ. "మనసుకూ ఒంటికీ కలిపి వైద్యం చెయ్యాలి. నెలలు పడుతుంది."

"నేను చెప్పిన మాటతోనే వచ్చింది గదమ్మా?" అని అడిగింది జీవమ్మ.

"మీ మాట ఒక్కటే కాదు. ఫోటో ఉంది, ఫోను ఉంది, పెళ్లివాళ్లు ఉన్నారు, ఆ పిల్ల మనసులో ఉన్న దిగులు ఉంది. ఎవరిది తప్పని వెతుక్కుంటూ కూర్చుంటే మీకు ఓపిక చాలదు. ఆ ఓపిక ఆ పిల్లకు కావాలి."

బిడ్డకు కడుపునిండా పెట్టుకోవచ్చని జీవమ్మ తొందరపడింది. అదీ కుదరదన్నారు. ఇన్నాళ్లు మాడిన ఒంటికి ఒక్కసారిగా పెడితే ప్రాణం మీదికి వస్తుందట. గుండిగలకు గుండిగలు దించిన చేతులతో ఆమె గిన్నెలో జావ చెంచాలతో కొలిచి ఇచ్చింది. రెండు చెంచాలకు నిస్సీ ముఖం తిప్పుకునేది. ఒకసారి గిన్నె విసిరేసింది. జీవమ్మ వరండాలోకి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇంకో గిన్నె తెచ్చింది.

నంద్యాల వాళ్లు ఫోన్ చేస్తే దాసన్న మాట్లాడాడు. "మా పాపకు బాగల్యాదప్పా. మీరు వేరే సంబంధం చూసుకోండి" అని పెట్టేశాడు.

ఇరవై రోజులకు ఇంటికి వచ్చారు. అప్పటినుంచి పదిహేను రోజులకొకసారి కర్నూలు పోయి రావాలి. నాలుగు కిలోలు పెరిగింది, రెండు తగ్గింది, మళ్లీ ఒకటి పెరిగింది. తిన్నాక అరగంట పక్కనే కూర్చోమని డాక్టరమ్మ జీవమ్మకు చెప్పింది. లేకపోతే కక్కేస్తుందట.

సెప్టెంబరులో ఒకరోజు కర్నూలు నుంచి వస్తూ నంద్యాల బస్టాండులో దిగారు. కోయిలకుంట్ల బస్సుకు టైముంది. హోటల్లో నిస్సీ తనే అడిగి బొరుగుల ఉగ్గాని తెప్పించుకుంది. సగం ప్లేటు తిన్నది. జీవమ్మ అటు చూడకుండా చూస్తూ తన టీ చల్లార్చుకుంది. పది నిమిషాలు గడవకముందే నిస్సీ లేచి, చేతులు కడుక్కుని వస్తానని పోయింది.

జీవమ్మ వెనకాలే లేచింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచి ఆడవాళ్ల మరుగుదొడ్డి బయట నిలబడింది. లోపల నీళ్ల చప్పుడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. తలుపు కొడదామని చెయ్యెత్తి, దించుకుంది.

నిస్సీ బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కక్కినా మా" అంది నిస్సీ. "మొత్తం కాదు. ఆపుకోవాలనే చూసినా, చాతకాల్యా. ఈసారి పోయినప్పుడు డాక్టరమ్మకు నేనే చెప్తా. నువ్వు చెప్పాకు."

"సరే పాపా. నువ్వే చెప్పు."

జీవమ్మ కొంగుతో కూతురి మూతి తుడిచింది. నిస్సీ తప్పించుకోలేదు. కోయిలకుంట్ల బస్సు వచ్చింది. జనం మధ్యలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇద్దరూ ఎక్కారు.