బాత్‌రూమ్‌లో రెండు డ్రమ్ముల స్టాఫు

మురుగునీటి శుద్ధి కేంద్రానికి కొత్తగా వచ్చిన ఆఫీసరు ముక్కుసూటి మనిషి. ముక్కు ఎటు చూపిస్తే అటే నడుస్తాడు. మొదటిరోజే అది పెద్ద తొట్టి వైపు చూపించింది. అందులో గోధుమరంగు బురద, పైన బుడగలు, నురగ.

"ఏంటయ్యా ఈ కంపు? నలభై రోజుల్లో తనిఖీ ఉంది. మొత్తం తోడించేసి బ్లీచింగ్ కొట్టించు."

ఆపరేటరు ఇరవై ఏళ్లుగా ఆ బురదను కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నవాడు. "సార్, అది మురికి కాదండి, మన స్టాఫండి! కంటికి కనపడని సూక్ష్మజీవులు. మురికిని తినేది అవే. జీతం అడగవు, సెలవు అడగవు. చంపేస్తే పని చేసేదెవరండి?"

"పాఠాలు చెప్పకు. తనిఖీలో నీళ్లు తేడా వస్తే నీ ఉద్యోగం ఊడుతుంది."

శుద్ధి ఎక్కువై బుద్ధి తక్కువైన ఆజ్ఞే గానీ, ఆజ్ఞ ఆజ్ఞే. తోడించేముందు ఆపరేటరు రెండు డ్రమ్ముల బురద ఇంటికి చేర్చి, బాత్‌రూమ్‌లో పెట్టి, చేపల తొట్టి గాలిపంపు తగిలించాడు. రోజూ చెంబెడు మురుగునీళ్లు మేత.

"మా అమ్మ రెండ్రోజులుంటానంటే ఇల్లు ఇరుకన్నారు," అంది భార్య. "వీళ్లకి మాత్రం అటాచ్డ్ బాత్‌రూమా!"

"మీ అమ్మలా వీళ్లు మాట్లాడరే."

"మాట్లాడకపోయినా వచ్చారని వీధి చివరిదాకా తెలుస్తోంది."

అక్కడ కేంద్రంలో తొట్టి తళతళలాడింది. మురుగు ఎలా వచ్చిందో అలాగే, చెక్కు చెదరకుండా, బయటికి పోయింది. పదోరోజుకు నీళ్లు తెల్లబడలేదు గానీ, పరీక్ష రిపోర్టు చూసిన ఆఫీసరు మొహం తెల్లబడింది. సాయంత్రం ముక్కుకు రుమాలుతో వచ్చి ఆపరేటరు ఇంటి తలుపు తట్టాడు.

"అమ్మా, మీ ఇంట్లో కొంచెం... ఉందట."

"తోడుకు చెంచాడైనా మిగల్చకుండా గిన్నె తోమేశారటగా!" అంది ఆమె. "ఇస్తాం లెండి. డ్రమ్ములు మాత్రం మీరే మొయ్యాలి. మా ఆయనకి నడుంనొప్పి."

"నాకెప్పుడొచ్చిందే?" అన్నాడు ఆపరేటరు.

"ఇప్పుడే."

నాలుగు వారాలకు తొట్టి మళ్లీ బురదతో, బుడగలతో కళకళలాడింది. తనిఖీవాళ్లు బయటికి పోయే నీళ్లు గాజుసీసాలో పట్టి చూస్తే, అవతలున్న ఆఫీసరు మొహం స్పష్టంగా కనిపించింది.

"ఎలా సాధించారండీ?"

"రాగానే అంతా తోడించి బ్లీచింగ్ కొట్టించాను," అన్నాడాయన వినయంగా.

ప్రశంసాపత్రం ఆయనకు దక్కింది. ఉద్యోగం ఆపరేటరుకు మిగిలింది. ఆ సాయంత్రం అతను మళ్లీ రెండు డ్రమ్ములు నింపి ఇంటికి తెచ్చాడు.

"ఇంకా ఎందుకండీ ఇవి? గండం గడిచిందిగా!"

"పని మెచ్చి, ఆయనకి ఇంకో నాలుగు కేంద్రాలు అప్పగించారే."

ఆమె బాత్‌రూమ్‌లో బకెట్టు పక్కకు జరిపింది.