జీపుకు చేసిన మార్పులు

తడి ఇసుక వాసన.

పైపుతో నీళ్లు కొట్టిన ప్రతిసారీ జీపు కింద నుంచి ఆ వాసనే లేస్తోంది. ఎన్ని నీళ్లు పోసినా బురద వస్తూనే ఉంది. ముందు నల్లగా. తర్వాత బూడిదరంగులో. తర్వాత పలచటి టీ రంగులో...

గోదావరి ఒక పట్టాన వదలడం లేదు.

గణేష్‌బాబు జీపు కింద వెల్లకిలా పడుకుని, పాత టూత్‌బ్రష్‌తో ఇనుప సందులు గోకుతున్నాడు. రాజమండ్రి శివార్లలో, హైవే పక్కన అతని మెకానిక్ షెడ్డు. 2004 మే నెల. రేకుల కింద గాలి ఉడుకుతోంది.

న్యూజిలాండ్ వాళ్లు మట్టిని రానివ్వరట. చక్రాల్లో ఉండకూడదు. సీట్ల కింద ఉండకూడదు. కంటికి కనబడని మూలల్లో కూడా ఉండకూడదు. విశాఖపట్నంలో షిప్పింగ్ ఏజెంటు జగన్నాథరావు గారు ఫోనులో రెండుసార్లు చెప్పారు.

"అక్కడ బండిని అణువణువూ గాలిస్తారండీ. అయినా అడిగానని ఏమీ అనుకోకండి... ఇంత పాత జీపు ఎందుకండీ? అక్కడ దీనికంటే మంచిది దొరుకుతుంది కదా!"

"దొరకదండి," అన్నాడు గణేష్‌బాబు.

అంతే అన్నాడు.

మిలిటరీ వేలంలో కొన్న జీపు అది. పెళ్లయిన కొత్తలో కొన్నాడు. భార్య సత్యశ్రీ పేరు మీద రిజిస్టర్ చేయించాడు. అప్పుడది అన్ని జీపుల్లాంటి జీపే.

తర్వాత సాయిదుర్గ పుట్టింది.

పెద్ద కళ్లు. పెద్ద నవ్వు. కాళ్లలో మాత్రం పుట్టినప్పటి నుంచీ బలం లేదు.

నాలుగేళ్లొచ్చినా నిలబడలేదు. ఐదేళ్లప్పుడు డాక్టరు గారు ఇక నిలబడదని చెప్పేశారు. సత్యశ్రీ నర్సు. ఆ మాట ఆమెకు అంతకుముందే తెలుసు. పిల్లని ఎత్తుకుని ఇంటికెళ్లింది. గణేష్‌బాబు మాత్రం నేరుగా షెడ్డుకి వచ్చి, జీపు విప్పాడు.

మొదట సీటు.

పిల్ల నడుము జారకుండా ఇనుప గొట్టాలు వంచి, స్పాంజి చుట్టి, రెగ్జిన్ కుట్టించాడు. రెండు బెల్టులు పెట్టాడు. తన సీటు కంటే జానెడు ఎత్తు — దుర్గకి దారంతా కనబడాలని.

తర్వాత మెట్టు.

లివర్ నొక్కితే నేల దాకా దిగి, పిల్లని కూర్చోబెట్టుకుని మెల్లగా పైకి లేచే మెట్టు.

తర్వాత చక్రాలు.

ఇసుకలో దిగబడని వెడల్పాటి చక్రాలు. వాటికి తగ్గట్టు కమాను స్ప్రింగులు మార్చితే జీపు అడుగెత్తు పైకి లేచింది.

ఎందుకంటే దుర్గకి రోడ్డు అక్కర్లేదు. గోదారి కావాలి. గట్టు మీద నుంచి చూడ్డానికి కాదు... గోదారిలోకి.

"అందరూ దిగుతున్నారు కదా నాన్నా! నేనెందుకు దిగకూడదు?"

వేసవిలో పట్టిసీమ దగ్గర ఇసుక కాలుతుంటే, జనం పరుగులాంటి నడకతో పోతుంటే, వాళ్ల పక్కన జీపు. లంకల్లో అరటితోటల మధ్య జీపు. మోకాలి లోతు పాయల్లో జీపు. దుర్గ చెయ్యి చాపి నీళ్లను తాకేది. చక్రం చిమ్మిన నీళ్లు మొహాన పడితే కెవ్వుమని నవ్వేది.

ఆ పిల్ల నడవలేదని గోదారికి తెలియదు.

అందుకే దుర్గకి గోదారంటే అంత ఇష్టం.

2001 కార్తీకమాసంలో దుర్గ పోయింది. తొమ్మిదేళ్లు.

ఆదివారం సాయంత్రం తడిసిపోయి ఇంటికొచ్చింది. సోమవారం జ్వరం. బుధవారానికి ఊపిరితిత్తుల్లో నెమ్ము. శనివారం పొద్దున్న... తల్లి పని చేసే ఆస్పత్రిలోనే, తల్లి చేత్తో మార్చిన సెలైన్ సీసా కిందే.

"నా వల్లేనండీ," అంది సత్యశ్రీ, వార్డు గోడకి చేరగిలబడి. "జలుబుగా ఉందని తెలిసీ పొద్దున్న తలంటు పోశాను. ఆదివారం కదా అని. నర్సునయ్యుండి... నా చేతులతోనే..."

దారిలో వాన పట్టుకుందని గణేష్‌బాబు అప్పటికే చెప్పి ఉన్నాడు.

వానని ఎవరూ నిలదీయలేరు. తలంటు పోసినవి మాత్రం తన చేతులు. సత్యశ్రీ ఆ చేతుల్నే నిలదీసుకుంది.

ఇంట్లోకి కుంకుడుకాయలు రావడం ఆగిపోయింది. నడుము దాటే జుట్టుని మెడ దాకా కత్తిరించుకుంది. వార్డులో ఏ పిల్ల తల తడిగా కనబడినా పరుగున వెళ్లి తుడిచేది — ఆరిపోయిన తలని కూడా తుడుస్తూనే ఉండేది.

గణేష్‌బాబు అన్నీ చూశాడు.

ఏమీ అనలేదు.

రెండేళ్లకు న్యూజిలాండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది.

"పిల్లలెంతమందండీ అని ఎవరూ అడగని ఊరు కావాలి నాకు," అంది సత్యశ్రీ. "వెళ్లిపోదామండీ."

"జీపుని వదిలి నేను రాలేను సత్యా."

"వదలమని ఎవరన్నారు?" ఆమె అతని వైపు చూడకుండా అంది. "ఆ సీటుని నేను మాత్రం వదిలి రాగలనా?"

అలా మొదలైంది ఈ కడగడం. ఈ గోకడం. ఈ కాగితాలు.

ఇవాళ పొద్దున్న సత్యశ్రీ కాగితాలు పట్టుకుని షెడ్డుకి వచ్చింది. పనిముట్లు పక్కకి జరిపి బల్ల మీద పరిచింది. జీపుకు చేసిన మార్పులన్నీ రాయాలట. మూడు గడులు — మార్పు, తేదీ, కారణం. అతను జీపు కడుగుతూనే చెబుతున్నాడు. ఆమె ఇంగ్లీషులో రాస్తోంది.

సీటు. కారణం, మా అమ్మాయి కూర్చోవడానికి.

మెట్టు. కారణం, మా అమ్మాయి ఎక్కడానికి.

చక్రాలు. కారణం...

"ఏమని రాయనండీ? మా అమ్మాయి గోదారిలో ఆడుకోవడానికి అని రాసేదా?"

"రాసెయ్."

ఇద్దరూ నవ్వారు. రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వుకి వాళ్లే ఉలిక్కిపడ్డారు.

"ఇంకేమైనా ఉందా?"

"ఇంజను గాలి గొట్టం. పైకప్పు ఎత్తుకి పెంచాను."

"తేదీ?"

అతను పైపు పట్టుకుని నిలబడిపోయాడు. నీళ్లు ఒకే చోట పడుతున్నాయి.

"తేదీ ఏంటండీ?"

"2001... డిసెంబరు."

పెన్ను ఆగింది.

"డిసెంబరా? పాప పోయాక?"

"ఊఁ."

"పాప పోయాక ఎవరి కోసమండీ?"

అతను పైపు కిందకి దించాడు.

"అసలు ఆ గొట్టం ఎందుకు పెడతారు?"

"లోతు నీళ్లలో... ఇంజను ఆగిపోకుండా."

మెకానిక్‌ని ఎవరడిగినా చెప్పే జవాబే చెప్పాడు. చెప్పాక, ఆ జవాబు ఎక్కడికి పోతుందో ఇద్దరికీ అర్థమైంది.

సత్యశ్రీ లేచి నిలబడింది.

"ఆగిపోయిందా?"

అతను కొళాయి కట్టేశాడు.

"వాన కాదు సత్యా."

పాప తడిసొచ్చిన ఆ ఆదివారం సత్యశ్రీకి మధ్యాహ్నం డ్యూటీ. దుర్గ గోదారి, గోదారి అని ప్రాణం తీసింది. జొన్నాడ వంతెన కింద పాయలోకి జీపు దించాడు. ఎప్పుడూ దించే చోటే. మోకాలి లోతే ఉండాలి. కానీ ఇసుక తవ్వుకుపోయినచోట గొయ్యి పడి ఉంది. పైకి కనబడలేదు. జీపు ముందుకి ఒరిగింది. ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగింది. నీళ్లు సీటెక్కాయి.

బెల్టులు విప్పి పిల్లని బానెట్ మీదకి చేర్చాడు. తను పీకల్లోతు నీళ్లలో నిలబడి రెండు చేతులా పట్టుకున్నాడు. ఎత్తుకుని దాటేద్దామంటే అడుగు కింద ఇసుక జారుతోంది. కేకలేశాడు. ఎవరూ లేరు. చీకటి పడే వేళకి లోవరాజు అని ఒక జాలరి తన పడవ మీద వచ్చి, ఇద్దర్నీ ఒడ్డుకి చేర్చాడు.

"ఎంతసేపు నీళ్లలో ఉంది?" అని అడిగింది సత్యశ్రీ. ఆస్పత్రిలో రోగి తాలూకు వాళ్లని అడిగే గొంతు.

"రెండు గంటలు."

"రెండు గంటలు ఏం చేసింది?"

అతను ఆ ప్రశ్న అడుగుతుందనుకోలేదు.

"వంతెన మీద లారీలు లెక్కపెట్టింది. నూట పన్నెండు. మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదలెట్టింది. చలేస్తోందా అమ్మా అంటే లేదంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి... అయినా లేదంది."

"ఇంకా?"

"సత్యా..."

"ఇంకా ఏమందండీ? నాకు తెలియని రెండు గంటలు అవి. చెప్పండి."

"అమ్మకి చెప్పొద్దు నాన్నా అంది. చెబితే ఇంకెప్పుడూ గోదారికి పంపదు అంది. ఒట్టు వేయించుకుంది."

జీపు నుంచి నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. హైవే మీద లారీలు పోతున్నాయి. ఒకటి... మరొకటి... మరొకటి...

"అది చిన్నపిల్లండి," అంది సత్యశ్రీ. "మీరు కాదు కదా."

అతను తల వంచుకున్నాడు.

"నేను నా చేతుల్ని తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని విన్నారు. రెండేళ్లు విన్నారు. ఒక్కసారైనా... ఒక్కసారైనా కాదు సత్యా అనాలనిపించలేదా మీకు?"

అనిపించింది. రోజూ అనిపించింది. ఇవాళ కాదు, రేపు అనుకున్నాడు. రేపు వచ్చాక ఇంత ఆలస్యంగా ఎలా చెప్పడం అనుకున్నాడు. అలా ఒక్కో రోజూ ఇసుకలా పేరుకుని మేట వేసింది.

"ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకొచ్చి, నీళ్లలో పడిందని చెప్పి ఉంటే..." ఆమె మాట సగంలో ఆగింది.

"బతికేదా?" అన్నాడు అతను.

ఆమె అతని మొహంలోకి చూసింది.

"తెలీదండీ. నాకు తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు."

తర్వాత కూర్చుంది. పెన్ను తీసుకుంది. ఖాళీగా ఉన్న చివరి గడిలో నిదానంగా రాసింది — ఒకసారి నీళ్లలో ఆగిపోయినందువల్ల.

కింద సంతకం పెట్టింది.

సెప్టెంబరులో సత్యశ్రీ ఒక్కతే బయల్దేరింది.

"స్టేషన్‌కి జీపులో దింపుతాను," అన్నాడు.

"ఆటోకి చెప్పానండీ."

గుమ్మం దిగాక ఒక్కసారి ఆగింది. "జీపు పంపండి. నా పేరు మీదే ఉంది కదా."

ఆ మాటలో అతను వెతుక్కున్నాడు. ముందూ వెనకా వెతుక్కున్నాడు. మీరూ రండి అనే ముక్క ఎక్కడా లేదు.

అయినా పంపాడు. అనుమతి కాగితాలు వచ్చేసరికి మార్చి అయింది. విశాఖ దాకా తనే నడిపాడు. పక్క సీటు ఖాళీ. గుంతలొచ్చిన చోటల్లా అలవాటుగా ఎడమ చెయ్యి అటు వెళ్లేది — పిల్లని పట్టుకోవడానికి.

కంటైనర్‌లోకి జీపుని ఎక్కించాక తాళాలు జగన్నాథరావు గారి చేతిలో పెట్టాడు.

"మరి మీ ప్రయాణం ఎప్పుడండీ?"

"ఇంకా అనుకోలేదండి."

ఇనుప తలుపులు మూశారు. సీలు వేశారు. అతను బస్సెక్కి రాజమండ్రి వచ్చేశాడు.

జూన్‌లో ఒక పొద్దున్న షెడ్డులో ఫోను మోగింది.

"జీపు వచ్చిందండి."

తొమ్మిది నెలల తర్వాత సత్యశ్రీ గొంతు.

"స్టార్టయిందా?"

"రెండోసారికి అయింది."

"మెట్టు?"

"దిగుతోంది. లేస్తోంది."

ఆమె మెల్లగా అంది —

"ఇక్కడి వాళ్లు తనిఖీ చేస్తుంటే పాప సీటు గొట్టంలో రేగ్గింజలు దొరికాయండి. చివరున్న రబ్బరు మూత తీస్తే రాలాయట. పదిహేడు."

అతను బల్లని పట్టుకున్నాడు.

"దగ్గొస్తుందని నేను రేగుపళ్లు తిననిచ్చేదాన్ని కాదు. మీరు కొనిపెట్టేవారా?"

"లేదు సత్యా. ఒట్టు... నిజంగా నాకూ తెలీదు."

"మీకూ చెప్పలేదా?"

"నాకూ చెప్పలేదు."

అవతల ఒక చప్పుడు. నవ్వో, ఏడుపో. అంత దూరం నుంచి తేడా తెలియలేదు.

"నాకిచ్చెయ్యమని అడిగానండీ. కుదరదన్నారు. మొలకెత్తుతాయట. ప్లాస్టిక్ సంచిలో వేసి, కాసేపు చూడనిచ్చారు. తర్వాత పట్టుకెళ్లి కాల్చేశారు."

సముద్రాలు దాటి వచ్చే తీగలో సన్నటి హోరు.

"నన్ను రమ్మంటావా సత్యా?"

ఆమె ఊఁ అనలేదు. వద్దనలేదు. ఫోనూ పెట్టేయలేదు.

"ఇక్కడ చలి ఎక్కువగా ఉందండి," అంది.

అతను రిసీవరుని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"చెప్పు," అన్నాడు. "వింటున్నాను..."