కనబడని సబ్మిట్ బటన్

మా వృత్తిలో దేవుడి పేరుకన్నా ఎక్కువసార్లు పలికే మాట ఒకటుంది: "సర్వర్ డౌన్." నెట్టు ఆగినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా, నాకు ఆకలేసినా అదే చెప్తాను. జనం మారు మాట్లాడకుండా వెనక సందులోని జంపయ్య హోటల్‌కి వెళ్లి టీ తాగి వస్తారు. దుమ్ముగూడెం రోడ్డు మీద ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకుని బతుకుతున్న నన్ను ఆ మాట కాపాడినంతగా మా బంధువులు కూడా కాపాడలేదు.

నా పేరు మురళీకృష్ణ. వయసు యాభైకి దగ్గర పడింది, కానీ ఆ విషయం నేను ఒప్పుకోను. జుట్టుకు రంగు వేస్తాను, చొక్కా టక్ చేస్తాను, కాలేజీ పిల్లలచేత కూడా అన్నా అనిపించుకుంటాను. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోను. పెట్టుకున్న మర్నాటి నుంచి అంకుల్ అంటారు, నాకు తెలుసు. నా కళ్లకు వచ్చిన లోటేమీ లేదండీ, చిన్న అక్షరాలు కాస్త అలుక్కుపోయినట్టు ఉంటాయి, అంతే. అందుకని బ్రౌజర్‌లో పేజీని పెంచి పెంచి, ఒక్కో అక్షరం వంకాయంత ఉండేలా పెట్టుకున్నాను. అది ఎవరి కంటా పడకూడదని కుర్చీని వెనక కిటికీకి ఆనించి, స్క్రీన్ నావైపే తిప్పుకుని కూర్చుంటాను. ఎదురుగా కూర్చున్న కస్టమర్‌కి కనబడేది నా ముఖం, కంప్యూటర్ వీపు.

ఆ కిటికీకి ఇంకో గొప్ప ఉంది. సెంటర్ మొత్తంలో ఫోన్ సిగ్నల్ దొరికేది దాని ఊచల దగ్గరే. ఎవరికి ఫోనొచ్చినా అక్కడ పెట్టి, స్పీకర్ వేసి, దూరం నుంచి అరవాలి. ఈ అడవి పక్కన గుట్టుగా ఫోన్ మాట్లాడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం సోని వచ్చింది, నానమ్మ సక్రిని వెంటబెట్టుకుని. తల్లీతండ్రీ లేని పిల్ల. తండాలో సక్రే పెంచి ఇంటర్ దాకా చదివించింది. నర్సింగ్ సీట్లకు కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు.

"అన్నా, ఒకటో నంబర్ భద్రాచలం కాలేజీకే పెట్టు. పొద్దున బస్సుకు పోయి మాపటికి ఇంటికొస్త. మా నానమ్మను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి దూరం పోలేను," అంది సోని.

"నాకు చెప్తున్నవా? కండ్లు మూసుకుని కొడత సూడు," అన్నాను. ఆ మాట ఎంత నిజమో అప్పటికి నాకే తెలియదు.

పేజీలో కాలేజీల పేర్లు ఎడమ చివర, నంబరు వేసే గళ్లు కుడి చివర ఉన్నాయి. నా వంకాయ అక్షరాలకు రెండూ ఒకేసారి స్క్రీన్‌లో పట్టవు కదా. పేరు చూసుకుని, పేజీని పక్కకు జరిపి, గడిలో ఒకటి వేశాను. ఇక సబ్మిట్ నొక్కడమే. చూస్తే ఆ బటన్ లేదు!

పైకి జరిపాను, కిందికి జరిపాను. ఎక్కడా లేదు. క్రితం రాత్రి బ్రౌజర్ తనంతట తానే అప్‌డేట్ అయింది. కుడి పక్కన ఎవరూ అడగని కొత్త పట్టీ ఒకటి వచ్చి, పిలవని పెళ్లిలో మొదటి బంతికి కూర్చున్నట్టు కూర్చుంది. మూయబోతే మూసుకోదు.

"ఏమైందన్నా?"

"సర్వర్ డౌన్," అన్నాను, అలవాటుగా.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. బ్రౌజర్‌లోని పాత ఫైళ్లన్నీ చెరిపేశాను. దాంతో సోని లాగిన్ కూడా ఎగిరిపోయింది. మళ్లీ ఓటీపీ రావాలని ఆమె ఫోన్ కిటికీలో పెట్టుకుని అందరం దాని ముఖం చూస్తూ నిలబడ్డాం. ఓటీపీ వచ్చింది, పేజీ తెరుచుకుంది, వేసిన నంబరు దానంతటదే సేవ్ అయి అలాగే ఉంది. బటన్ మాత్రం రాలేదు. కంపెనీ వాళ్లను, వాళ్ల అప్‌డేట్‌ను, ఇంగ్లీషులో ఒకసారీ తెలుగులో ఒకసారీ తిట్టాను.

అంతలో కిటికీలో ఉన్న సోని ఫోన్ మోగింది. ఆమె స్నేహితురాలు సాయిప్రియ.

"నాది సబ్మిట్ అయిపోయిందే! సర్వర్ మస్తు నడుస్తుంది. జల్దీ చెయ్యి," అని స్పీకర్లో ఊరందరికీ చెప్పింది.

సోని నావైపు చూసింది. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

ఇక లాభం లేదని కల్లూరులో ఇలాంటి సెంటరే నడుపుతున్న చందూలాల్‌కి ఫోన్ చేశాను. నా ఫోన్ కూడా ఆ కిటికీలోనే పెట్టక తప్పదు కదా.

"మురళన్నా, పొద్దటి నుంచి ఈడ గూడ గిదే లొల్లి," అన్నాడు చందూలాల్. "పేజీ మామూలు సైజుల ఉంటే ఏం గాదు. మరీ పెద్దగ జేస్తే బటన్ ఆ పట్టీ కిందికి పోతుంది. గంత పెద్దగ ఎవరు వెట్టుకుంటరే, కండ్లు మసకవడ్డ ముసలోళ్లు తప్ప! నీదెంతుంది?"

"మామూలుగనే ఉంది," అన్నాను.

"మామూలుగ ఉంటే బటన్ కనబడాలె గదనే!"

ఫోన్ పెట్టేశాను. గోడ గడియారంలో ఐదు కావస్తోంది. సోని కళ్లు నిండిపోయాయి. "అన్నా, భద్రాచలం రాకపోతే నేను చదువు బంద్ జేస్త," అంది మెల్లగా. నా సోకు కోసం ఈ పిల్ల చదువు ఆగిపోతుందా అని మొదటిసారి నా మీద నాకే అసహ్యం వేసింది.

పేజీని మామూలు సైజుకు తెచ్చాను. కుడి మూల నీలం రంగు బటన్ చక్కగా ప్రత్యక్షమైంది. కానీ మిగతా పేజీ అంతా ఆవాలు ఒలకబోసినట్టు ఉంది. ఒక్క ముక్క చదవలేను. మెడ ముందుకు చాచాను, వెనక్కి వంచాను.

సక్రి, కంటి క్యాంపులో ఇచ్చిన కళ్లద్దాలు, దారంతో మెడకు కట్టుకున్నవి, విప్పి నా చేతిలో పెట్టింది. "పెట్టుకో కొడుకా. నేను సూదిల దారం ఎక్కియ్యనీకి వెట్టుకుంట," అంది.

పెట్టుకున్నాను. ఆవాలు అక్షరాలయ్యాయి. నేను వేసిన ఒకటి భద్రాచలం ఎదురుగా లేదు. దాని పై వరసలో, ఆదిలాబాద్ ఎదురుగా ఉంది.

పక్కకు జరపడంలో వరస తప్పాను. ఆ బటన్ ముందే కనబడి ఉంటే నొక్కేసి, మిఠాయి తెమ్మని కూడా అడిగేవాణ్ని. సోని రాష్ట్రం ఆ చివరికి పోయేది, లేదా చదువు మానేసేది. గంట నుంచి నేను తిడుతున్న అప్‌డేటే నన్ను ఆపింది.

నంబరు చప్పుడు కాకుండా మార్చేస్తే ఎవరికీ తెలియదు. వేలు ఆ గడి మీదికి వెళ్లింది కూడా. ఎందుకో మనసొప్పలేదు. స్క్రీన్‌ని మొదటిసారి కస్టమర్ వైపు తిప్పాను.

"సోనీ, ఇటు సూడు. నేను తప్పు వేసిన."

ఆమె చదివింది. "ఆదిలాబాదా?" అని నా ముఖం చూసింది. "ఆ బటన్ కనబడితే నొక్కేస్తుంటివి గద?"

"అవ్," అన్నాను.

నంబరు ఆమే మార్చింది, ఆమే పైకి చదివింది, ఆమే సబ్మిట్ నొక్కింది. ఐదు కాకముందే రసీదు వచ్చింది. సక్రి చెయ్యి చాచింది, కళ్లద్దాలు దారంతో సహా తిరిగి ఇచ్చేశాను.

"వస్త, అంకుల్," అంది సోని.

ఆ పిలుపును తలవంచి తీసుకున్నాను.

గుమ్మం దగ్గర జంపయ్య పాస్‌బుక్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోటి దాకా "సర్వర్" అని వచ్చింది. మింగేశాను.

"జంపయ్యా, సర్వర్ మంచిగనే ఉంది. నాకే కండ్లు కనబడ్తలేవు. రేపు అద్దాలు చేయించుకుని వస్త, ఎల్లుండి రా."

జంపయ్య నవ్వలేదు. అదే ఇంకా బాధ.

"ఎరికే సార్. మీ ఎనక కిటికీలకెల్లి మా హోటల్‌కు మీ కంప్యూటర్ మొత్తం కనబడ్తది. ఆ పెద్ద పెద్ద అక్షరాలు చూసే మా పిల్లలు ఏబీసీడీలు నేర్చిండ్రు."