బస్సు వంతు

జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న అంజిని ఇద్దరు చంకల కింద చేతులు వేసి బస్సు మెట్లెక్కిస్తున్నారు. ఎక్కించమన్నది వాళ్ళ గదికి పెద్ద రాజనర్సే. ఈ రోజు అంజి వంతు.

ఎడారి దేశపు ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ కూలీల క్యాంపులో గదికి నలుగురే ఉండాలి. ఉండేది పన్నెండు మంది. వరల్డ్‌కప్ స్టేడియం కట్టేవాళ్ళు ఎలా ఉంటున్నారో చూడటానికి తనిఖీవాళ్ళు వచ్చినప్పుడల్లా కంపెనీ గదికి ఎనిమిది మందిని పరుపులతో సహా బస్సెక్కించి, వాళ్ళు వెళ్ళేదాకా రోడ్ల మీద తిప్పుతుంది. ఎవరెక్కాలో రాజనర్సు వంతులు వేసి చెప్తాడు. రెండేళ్ళుగా ఒక్క వంతు తప్పలేదు. జగిత్యాలోడైనా, నిజామాబాదోడైనా ఒకటే. ఆ సంగతి తలచుకుంటే అతనికి లోలోపల గర్వంగా కూడా ఉండేది.

మెట్టు మీద అంజి మోకాళ్ళు మడతపడ్డాయి.

"నర్సన్నా, ఈ ఒక్కపారి నన్ను పండనియ్యరాదే."

ఆ గొంతులో కోపం లేదు. తప్పు తనదే అన్నట్టు అడిగాడు. అదే రాజనర్సుకు తగిలింది. వంతులు సమంగా వేస్తే అన్యాయం పలచబడుతుందనుకున్నాడు. పలచబడలేదు. కంపెనీ చేస్తున్న పాపం తన చేతికొచ్చింది, అంతే.

"దించుండ్రి వాన్ని," అన్నాడు.

క్యాంప్ బాస్ రామమోహన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటయ్యా నర్సూ, వాళ్ళు వచ్చేస్తున్నారు! యల్లా, యల్లా, తొందరగా! ఆడి బదులు ఇంకొకణ్ణి ఎక్కించు."

"ఇంకొకడు లేడు సారూ. ఇగ ఎవ్వడెక్కడు."

బస్సు కిటికీలోంచి హైదరాబాదు ఇక్రాముద్దీన్ తల బయటపెట్టాడు. "అరే వా, నర్సు భాయ్! రెండేండ్లకు నోరు లేచింది నీకు!" అంటూ తన పరుపును కిందికి విసిరేశాడు.

దాని మీద ఇంకొకటి పడింది. పక్క బస్సులోంచి మరో నాలుగు. తనిఖీవాళ్ళ కారు వచ్చేసరికి గేటుకు అడ్డంగా పరుపుల గుట్ట, దాని వెనక దిగిన మనుషులు.

"ఒక్కో గదిలో ఎంతమంది?" అని హిందీలో అడిగాడు ఫైలు పట్టుకున్నాయన.

"నలుగురు సార్," అన్నాడు రామమోహన్.

"పన్నెండు," అన్నాడు రాజనర్సు. ముందు నడుస్తూ గదికి దారి చూపించాడు.

కారు వెళ్ళిపోగానే రామమోహన్ అతని కాలరు పట్టుకున్నాడు. "రేపే నీ వీసా క్యాన్సిల్. ఊరికి పంపించేస్తా!"

రెండేళ్ళు ఆ మాటకే భయపడ్డాడు రాజనర్సు. ఇప్పుడది విన్నాక, భయం ఉంది గానీ తను దాని చేతిలో లేడు.

"పంపు."

"నాకూ టికెట్ తియ్యి సాబ్," అన్నాడు ఇక్రాముద్దీన్. పరుపు మీద పడుకున్నచోటి నుంచే అంజి చెయ్యెత్తాడు. పక్క గదివాళ్ళు ఎత్తారు. ఆ వెనక వరండా నిండా చేతులు లేచాయి.

"అందర్ని పంపు సారూ!" వెనకనుంచి ఎవడో అరిచాడు. "స్టేడియం నువ్వొక్కనివే కట్టుకో!"