ఏనుగు మీద కుట్టిన శాలువా

నేను ఒక సన్మానపు శాలువాను. చలికి కప్పుకునే శాలువా వేరు, నేను వేరు. ఈ గోదావరి లంకల్లో నన్ను కప్పుకుని చలి కాచుకున్నవాడు ఒక్కడూ లేడు. ఉక్కపోతలో, షామియానాల కింద, చెమటలు కారే మెడల మీద వేస్తారు నన్ను. ఫొటో తీసేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత కుర్చీ మీదికి జారుస్తారు.

ఎక్కడో ఒక మరమగ్గం మీద పుట్టాను. ఒళ్లంతా ఆవపువ్వు రంగు, అంచుకు జరీలాంటిదేదో. మొదట రిటైరైన గుమాస్తాగారి భుజాలెక్కాను. ఆయన నన్ను మడత నలగకుండా తోడల్లుడికి ఇచ్చారు. తోడల్లుడు తన ఊళ్లో ఏదో ప్రారంభోత్సవానికి ఇంకొకరికి కప్పారు. అలా తిరిగి తిరిగి, ఒక ఉపాధ్యాయుల సభలో హైస్కూలు హెడ్మాస్టరు వీరభద్రంగారికి దక్కాను. ఆయన పొదుపరి. వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథికి పనికొస్తానని బీరువాలో కలరా ఉండల మధ్య పడుకోబెట్టారు. మనుషులు గౌరవాన్ని ఇలాగే చేతులు మార్చుకుంటారు. ఎవరూ ఇంట్లో ఉంచుకోరు.

ఆ ఏడు తెలుగు చెప్పే ఫణికుమారి టీచరుకు ఒక పిచ్చి పట్టింది. ఎప్పుడూ వేసే సినిమా పాటల డాన్సులు వద్దు, సర్కస్ మీద పూర్తి సంగీత నాటకం వేయిస్తానని కూర్చున్నారు. పాటలన్నీ ఆవిడే రాశారు. పెళ్లిళ్ల బ్యాండువాళ్లను బతిమాలి ట్రంపెట్టు, డ్రమ్ము తెప్పించారు. ధాన్యం మీద కప్పే టార్పాలిన్లతో గ్రౌండులో డేరా లేచింది. బఫూన్లు, సైకిలు ఫీట్లు, తాడు మీద నడక (నేలకు జానెడు ఎత్తులోనే లెండి), అన్నిటినీ మించి, గోనెసంచుల్లో ఇద్దరు పిల్లలు దూరి నడిపించే ఒక ఏనుగు. సర్కస్ మూతపడి ఏనుగును అమ్మేస్తున్నప్పటి కథ అది. చివర్లో ఏనుగు మోకాళ్ల మీద కూర్చుంటుంది. వెనక కాళ్లుగా ఉన్న అమ్మాయి బయటికొచ్చి, ఏనుగు మనసులోని మాట పాడుతుంది. నాటకమంతా ఆ పాట కోసమే.

ఆ వెనక కాళ్లు సత్యవేణివి. తొమ్మిదో తరగతి పిల్ల. ఎడమ పాదం కాస్త లోపలికి తిరిగి ఉంటుందని డాన్సుల్లో ఎవరూ తీసుకునేవారు కారు. గొంతు మాత్రం, విన్నవాళ్లు చేతిలో పని ఆపేసే గొంతు. వాళ్లమ్మ మంగతాయారు రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. సత్యవేణి బడి నుంచి వచ్చేసరికి తల్లి షిఫ్టుకు వెళ్లిపోతుంది, తల్లి వచ్చేసరికి పిల్ల నిద్రలో ఉంటుంది. సీజను రోజుల్లో ఆదివారాలు కూడా ఉండవు. కూతురు పాడుతుందని పదిమంది చెప్పగా వినడమే గాని, ఆవిడ చెవులారా విన్నది లేదు. ఈసారి షెడ్డు వ్యాను బడి గేటు దగ్గరే ఎక్కుతానని డ్రైవరుతో చెప్పుకుని, పాట విన్నాకే వెళ్తానని కూతురికి మాటిచ్చింది.

గోనెసంచుల ఏనుగు వీపు మీద మెరిసేదేదైనా ఉండాలని టీచరు నాకోసం అడిగారు. హెడ్మాస్టరుగారు కాసేపు నసిగి, అతిథి వచ్చేసరికి తిరిగివ్వాలనే షరతు మీద ఇచ్చారు. రిహార్సల్లో నేను జారిపోతుంటే టీచరు దబ్బనంతో నన్ను గోనెకు కుట్టేశారు. ఆ సంగతి ఆయనకు చెప్పడం మరిచిపోయారు. అలా కొన్నాళ్లు సత్యవేణి వీపు మీద బతికాను. లోపలంతా చీకటి, వెదురు బద్దలు, ఉక్క. అందులో నడుం వంచుకుని నడుస్తూనే ఆ పిల్ల పాటను మెల్లగా నెమరేసుకునేది. నా కిందికి వచ్చినవాళ్లలో నాకు నచ్చింది ఆ పిల్లే.

వార్షికోత్సవం నాడు రావలసిన వేళకు అతిథి రాలేదు. ఎదురుచూశారు. పిల్లల మొహాల రంగులు చెమటకు కారాయి. గేటు దగ్గర మంగతాయారు ఒకసారి రోడ్డువైపు, ఒకసారి డేరావైపు చూస్తూ నిలబడింది. చివరికి టీచరు వెళ్లి, "మొదలెట్టేద్దామండీ సార్. కొంతమంది తల్లులు షిఫ్టులకి వెళ్లాలండీ" అంటే, హెడ్మాస్టరుగారు సరేనన్నారు.

నాటకం అనుకున్నదానికన్నా బాగా నడిచింది. ఏనుగు మోకాళ్ల మీద కూర్చుంది. ట్రంపెట్టు ఆగింది. నా కింద సత్యవేణి ఊపిరి పీల్చుకోవడం తెలుస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కార్లు ఆగాయి.

హెడ్మాస్టరుగారు పూలదండ పట్టుకుని స్టేజీ మీదికి పరుగెత్తుకొచ్చారు. చెడ్డమనిషి కాదు, కంగారు మనిషి. నా అంచు పట్టుకుని లాగారు. నేను రాలేదు. ఇంకా గట్టిగా లాగారు. గోనె పర్రున చిరిగి, బద్దలు విరిగి, ఏనుగు రెండు ముక్కలైంది. జుట్టునిండా గోనెపీచుతో, వంగిన నడుంతో సత్యవేణి అందరికీ కనబడింది. జనం విరగబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

మరు నిమిషం అతిథి భుజాల మీద ఉన్నాను. నాకంటుకున్న పీచు గుచ్చుకుంటుంటే ఆయన మెడ గోక్కుంటూనే, పిల్లలు నాటకాన్ని అద్భుతంగా పండించారని మైకులో మెచ్చుకున్నారు. ఫొటో అయ్యాక నన్ను కుర్చీకి వేలాడేశారు. విద్యార్థి జీవితంలో కళల అవసరం గురించి ఉపన్యాసం సాగింది.

ఆ కుర్చీ వెనకే, తెరచాటున, విరిగిన బద్దల పక్కన సత్యవేణి కూర్చుని ఉంది. మంగతాయారు వెతుక్కుంటూ వచ్చింది.

"ఎనక కాళ్లు నువ్వే కదే" అంది. "రాగానే పోల్చేశాను. ఎడం పాదం లోపలికేత్తావు కదా."

"ఆఖర్న పాట ఉందమ్మా."

"ఇప్పుడు పాడు. వ్యాను వచ్చేదాకా ఇంటాను."

సత్యవేణి నోరు తెరిచింది. పాటలో మొదటి మాట బయటికొచ్చింది. అతిథి పక్క కుర్చీలోంచి హెడ్మాస్టరుగారు వెనక్కి తిరిగి, తెర సందులోంచి చూసి, పెదవుల మీద వేలు పెట్టారు. పిల్ల ఆగిపోయింది. పెద్దలు మాట్లాడుతుంటే నోరెత్తకూడదని ఆ బడిలోనే నేర్చుకుంది మరి.

గేటు దగ్గర హారను మోగింది. మంగతాయారు కూతురి జుట్టులోంచి ఒక పీచు ఏరింది. ఇంకొకటి ఏరింది. మళ్లీ హారను మోగింది. "రేపు పాడుదువు గాన్లే" అని వెళ్లిపోయింది. ఇద్దరూ మెలకువగా ఒకచోట ఉండే రేపు దగ్గరలో లేదని ఇద్దరికీ తెలుసు.

అతిథి నన్ను కుర్చీ మీదే మరిచిపోయారు. హెడ్మాస్టరుగారు సంతోషించి, ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టారు. మరుసటి ఏడు సినిమా పాటల డాన్సులే వేశారు. ఫణికుమారి టీచరు వెనక వరసలో కూర్చుని చూశారు. ఆ ఏడు నన్ను ఇంకొకరికి కప్పారు, వారూ మెడ గోక్కున్నారు. ఆ పీచు ఉతికినా పోలేదు.

ఆ ఏనుగు పాట నాకు మొదటి నుంచి చివరిదాకా వచ్చు. సత్యవేణికీ ఇంకా గుర్తుండే ఉంటుంది. ఒక్కసారి పాడమని అడుగుదామంటే నాకు నోరు లేదు. నోరున్నవాళ్లెవరూ ఆ పిల్లను అడగలేదు.