గింజ గట్టిగనే ఉంటది

కోడేరు చర్చిలో బక్కయ్య హర్రాజు పిలిస్తే కోడి ఉత్త కోడిగా ఉండదు. ఒక ఏడు ఓ పుంజును చంకలో పెట్టుకుని, ఇది కూస్తే వీపనగండ్లలో జనం లేచి పళ్లు తోముకుంటారని చెప్పాడు. ఇంకో ఏడు ఓ సొరకాయను ఎత్తి చూపించి, దీని తీగ పట్టుకుని ఎక్కితే కృష్ణ అవతలి ఒడ్డు కనబడుతుందన్నాడు. చదువు రాదు. సంతకం పెట్టమంటే బొటనవేలు చూపిస్తాడు. అయినా ఇరవై ఏళ్లుగా కోతపండుగ హర్రాజు అతనిదే. ఆ రోజు సంఘస్తులంతా తమ చేలలో ముందుగా పండినవి తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటినే బయట షామియానా కింద హర్రాజు, అంటే వేలం, వేస్తారు. ఇరవై రూపాయల కాయ బక్కయ్య నోట్లో పడితే రెండు వందలకు గానీ బయటికి రాదు.

అతను పెట్టుకున్న కట్టుబాటు ఒకటే. "హర్రాజు పిలిచేటోడు పాట పాడొద్దు. పాడితే మొగోడు కాదు, దొంగ." ఈ మాట ప్రతి ఏడూ ముందుగా అరిచి చెప్పేవాడు.

అతని భార్య నాగేంద్రమ్మ ఆడవాళ్ల చాపలో ముందు వరుసలో కూర్చునేది. ఆమెకు అబద్ధం గొంతు దిగదు. "ముప్పై కిలోల కాయ!" అని బక్కయ్య అరిస్తే, "పదకొండు. నేనే తూకమేసిన" అని కూర్చున్న చోటు నుంచే అనేది. జనం పొట్టలు పట్టుకునేవారు. "అగో, సొంత పెండ్లమే నా బ్యారం చెడగొడ్తుంది సూడున్రి" అని బక్కయ్య నెత్తి కొట్టుకునేవాడు. "పోయి నోరు కడుక్కరాపో" అనేది ఆమె. సంఘానికి హర్రాజు ఎంతో, వీళ్ల కొట్లాట అంత.

నాగేంద్రమ్మ ప్రతి ఏడూ ఒక గుమ్మడికాయ ఇచ్చేది. పెళ్లప్పుడు లింగాల నుంచి పుట్టింటి గింజలు కొంగున కట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి ఆ తీగ తెగనివ్వలేదు. హర్రాజులో కాయ కొన్నవాళ్లతో ఒకటే మాట అనేది: "కాయ మీది, గింజ నాది." వాళ్లు కూర వండుకుని, గింజలు కడిగి తెచ్చి ఆమె చేటలో పోసేవారు. వచ్చే ఏటి పాదు వాటితోనే.

ఈ మూడేళ్లలో కోతులు పెరిగాయి. గుమ్మడి పాదు పెట్టడమే ఊళ్లో అందరూ మానుకున్నారు. నాగేంద్రమ్మ మానలేదు. ఈ ఏడు దాచిన గింజలన్నీ పెడితే ఒక్క తీగ బతికింది. ఆ తీగకు నాలుగు కాయలు కాస్తే మూడు కోతులు పట్టుకుపోయాయి. "మూడు కాదు, ముప్పై. ట్రాక్టర్ తెచ్చుకున్నయి, నేను సూసిన" అని బక్కయ్య ఊరంతా చెప్పాడు. మిగిలిన ఒక్క కాయకు ఆమె పాత చీర చుట్టి, పైన ముళ్లకంప కప్పింది.

సంక్రాంతి పోయాక ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్చారు. గడ్డ ఉంది, ఆలస్యమైంది అన్నారు. ఎంత ఆలస్యమో బక్కయ్య అడగలేదు.

ఆ ఆదివారమే పాస్టరు సామ్యూల్ అయ్యగారు ఆరాధన చివర, బిషప్ ఆఫీసు నుంచి వచ్చే డయాసిస్ పత్రిక విప్పి చదివాడు. బిషప్ అయ్యగారు ఫిబ్రవరి మొదటి ఆదివారం కోడేరు వస్తున్నారు, కాబట్టి కోతపండుగ కూడా ఆ రోజే. అంటే మూడు వారాలు ముందుకు జరిగింది. బక్కయ్యకు కాయ గుర్తొచ్చింది, అది ఇంకా తీగ మీదే ఉంది. నాగేంద్రమ్మ ఇంటికొచ్చి తన చేత్తో తెంపే లోపల పండుగ దాటిపోతే? ముప్పై ఏళ్లలో ఆమె కానుక లేని పండుగ లేదు. తెల్లారి ముళ్లకంప తీసి, కాయ తెంపి, తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాడు.

"దీనికి ఆఫ్ టికెట్ కొట్టు, ఐదేండ్లు నిండలె" అని కండక్టర్‌తో పరాచికం ఆడాడు.

మంచం మీద నాగేంద్రమ్మ లేచి కూర్చుంది. కాయను ఒళ్లో పెట్టుకుంది. తొడిమ చూసింది. పచ్చగా ఉంది. బొటనవేలి గోరు పెట్టి నొక్కింది. గోరు కొద్దిగా దిగినట్టే బక్కయ్యకు అనిపించింది.

"ఎప్పుడు తెంపినవ్?"

"పొద్దుగాల. పండుగ ముందటికి జరిగింది గద. బిషప్ అయ్యగారు వస్తున్నరంట. నీ కాయ లేకుంటే ఎట్లనే?"

ఆమె గోరుకంటిన తడిని దుప్పటికి తుడుచుకుంది. అతని మొహం చూసింది. ఒక గడియ ఏమీ మాట్లాడలేదు.

"మంచిగ పండింది" అంది. "గింజ గట్టిగనే ఉంటది. మర్సిపోకు, కొన్నోళ్లను అడిగి తెచ్చుకో. తొలి వానకు పెట్టు."

బక్కయ్య ప్రాణం లేచొచ్చింది. నాగేంద్రమ్మ పండిందంటే పండినట్టే. ఆ వార్డులో పదహారు మంచాలకూ కాయ చూపించి, దీని పక్కన పడుకున్నందుకు తన ఎద్దుకు జ్వరం తగ్గిందని చెప్పాడు. అతనికి ఎద్దు లేదు. నాగేంద్రమ్మ దాన్ని కూడా సరిచేయలేదు. కళ్లు మూసుకుని వింది.

మూడో రోజు పొద్దున ఆమె పోయింది.

మట్టి చేసిన వారానికి మళ్లీ కబురొచ్చింది. బిషప్ అయ్యగారి పర్యటన వాయిదా పడింది, పండుగ పాత తారీకుకే. బక్కయ్య కాయను ఇంట్లో మూలన గోనెసంచి మీద పెట్టాడు. మూడు వారాలు దాని పక్కనే పడుకున్నాడు.

పండుగ రోజు కోళ్లు పోయాయి, పల్లి బస్తా పోయింది, కందులు పోయాయి. బక్కయ్య ఎప్పటిలాగానే కోతలు కోశాడు. జనం నవ్వారు, కానీ ఆడవాళ్ల చాప ముందు వరుస నుంచి మాట రాలేదు. ఒక్కో కోత తర్వాత అతను అలవాటుగా ఆ వైపు చూసి ఆగుతున్నాడు.

చివరికి గుమ్మడికాయ చేతికొచ్చింది.

"ఇది..." అన్నాడు. "పదకొండు కిలోలు. తూకమేసిన" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ పాడలేదు. అతని భార్య కాయ అతని నుంచి గుంజుకోవడం ఎందుకని అందరూ నోరు మూసుకున్నారు. కాయ తిరిగి అతని ఇంటికే పోవాలని వాళ్ల ఉద్దేశం. కానీ బక్కయ్య చెవులకు ఆ నిశ్శబ్దం ఇంకోలా వినబడింది. దేవుని ముందు పెట్టిన నాగేంద్రమ్మ కాయను ఎవరూ అడగడం లేదు. తాను పాడడానికి లేదు.

"ఎవ్వరొద్దా?" అని మెల్లగా అడిగాడు.

షామియానా గుంజకు ఆనుకుని రైతు వెంకట్రాములు నిలబడి ఉన్నాడు. అతను ఈ సంఘం మనిషి కాదు. హనుమంతుని గుడి పక్కన ఇల్లు. ఏటేటా బక్కయ్య అబద్ధాలు వినడానికి వచ్చి, పోతూ ఒక కోడి కొనుక్కుని పోతాడు.

"ఏం బక్కన్నా, నోరు ఇంటికాడ మర్సొచ్చినవా?" అని అరిచాడు. "ఆమె కాయను గిట్ల పిలుస్తరా? సిగ్గులేదా నీకు? నూరు రూపాయలు నాది."

ఎవరో నూటయాభై అన్నారు. ఆడవాళ్ల చాప మీది నుంచి పక్కింటి ఎంకమ్మ రెండు వందలు అంది. బక్కయ్య గొంతు సవరించుకున్నాడు. కళ్లు తుడుచుకోకుండానే పిలిచాడు. వెంకట్రాములు ఐదు వందల దగ్గర పాట కొట్టేశాడు.

కాయ తీసుకుని ఎంకమ్మ చేతిలో పెట్టాడు. "అక్కా, ఈడనే కోసి అందరి కూరల ఏసెయ్. గింజలు బక్కన్నకియ్యి. ఆ సంగతి నాకు గూడ తెల్సు."

చర్చి వెనక పండుగ భోజనం వండే పొయ్యిల దగ్గర ఎంకమ్మ కత్తిపీట వేసింది. బక్కయ్య చేట పట్టుకుని ముందర కూర్చున్నాడు. కాయ రెండు చెక్కలైంది. లోపల రంగు తెల్లగా ఉంది. ఎంకమ్మ చెయ్యి పెట్టి గింజలు తీసి చేటలో వేసింది. బక్కయ్య ఒకటి తీసుకుని రెండు వేళ్ల మధ్య నొక్కాడు. కాగితంలా అణిగిపోయింది. ఇంకొకటి నొక్కాడు. చేటలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. అన్నీ తాలే.

"పచ్చికాయ తెంపినవ్ గదనే అన్నా" అంది ఎంకమ్మ. "నాగేంద్రమ్మ సూడలేదా? గోరు పెడ్తె ఆమెకు తెల్వదా?"

దుప్పటికి తుడుచుకున్న ఆ గోరు బక్కయ్య కళ్ల ముందుకొచ్చింది. ఆ ఒక్క గడియ మౌనం గుర్తుకొచ్చింది. ఆమె చూసింది. ఆమెకు తెలుసు. తొలి వానకు పెట్టుకొమ్మని చెప్పినప్పుడు కూడా తెలుసు.

ముప్పై ఏళ్లు తన కోతలకు అడ్డం పడ్డ మనిషి, పోయే ముందు ఒకటి కోసి పోయింది. అది తన కోసం. తాను పట్టుకోలేకపోయాడు.

భోజనాలయ్యాక సామ్యూల్ అయ్యగారు ఇంకు పెన్ను, కాగితం తీసుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు. పండుగ వార్త డయాసిస్ పత్రికకు పంపాలి. ఏటా బక్కయ్య పక్కన కూర్చుని చెబుతాడు, అయ్యగారు అందులో ముప్పాతిక కొట్టేసి రాస్తాడు. ఈసారి బక్కయ్య చేటతో వచ్చాడు.

"ఎంతమంది వచ్చిన్రో మీరే రాయున్రి అయ్యగారూ. నేను చెప్పను. ఒక్కటి మాత్రం రాయున్రి. నాగేంద్రమ్మ ఇచ్చిన కాయల గింజలు గట్టిగున్నయని."

అయ్యగారు చేటలోకి చూశాడు. "బక్కన్నా, ఇవి తాలు గింజలు."

"నాకు తెల్వదా?"

"మరి?"

"ఆమె గట్టిగున్నయని చెప్పింది. ఆమె జిందగిల అబద్ధం ఆడలె. ఊరంతకు తెల్సు. ఇప్పుడు ఆమెను అబద్ధాలదాన్ని చెయ్యమంటరా నన్ను?"

అయ్యగారు పెన్ను మూత చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత వంగి రాశాడు. రాసింది చదివి వినిపించాడు. బక్కయ్య ఇంకోసారి చదవమన్నాడు.

"ఏడుంది ఆ మాట?"

అయ్యగారు చూపించాడు. బక్కయ్య దాని మీద బొటనవేలు పెట్టాడు. తీయలేదు. ఇంకు తడి ఇంకా ఆరలేదు, వేలికంతా అంటింది.